పండుగకు ముందునాడు



భాద్రపదము వెళ్లి ఆశ్వయుజము ప్రవేశించుసరికి మన యిండ్లలో, ఏదో ఒక సాయంకాలమున, భోజనములైన పిమ్మట, ఎవరో ఒకరు ఈ మాట అనకమానరు: "రెండు రోజులు ఎక్కడికైనా పోయి వద్దామా?" అన్నది పిల్లలు కావచ్చును. ఇల్లాలు కావచ్చును. కాగితములతో విసిగిన గృహస్థుడే కావచ్చును. వానలు వెనుకపట్టినవి. ఎండ యింకను పదునెక్కలేదు. చెరువులు నిండియున్నవి, వరిచేలు పొట్టకు వచ్చియున్నవి, బళ్లకు దసరా సెలవు లిచ్చినారు. ఇంతకన్న అనుకూలమైన ఋతువు మనకు వేరొకటి లేదు గనుక ఆ మాట పుట్టుట సహజమే. ఆ మాట విన్న తరువాత మనము చేయు పనియే నాకు నచ్చదు. గోడమీది క్యాలెండరు తీసి శనివార మెప్పుడు, ఆదివార మెప్పుడు అని ముందు చూచుకొందుము. ఊరు ఆ తరువాత వెదకుకొందుము. ఈ సాయంకాలము నేను మీకు మనవి చేయదలచినది ఒక్కటే. ముందు తిథి చూడుడు. తరువాత ఊరు చూడుడు. వారము చిట్టచివర చూడుడు. మరల చెప్పుచున్నాను: ముందు తిథి, తరువాత ఊరు, చిట్టచివర వారము.

ఎందుచేత ననగా, మన పండుగలు ఆఫీసు సెలవుల పట్టిక చూచి వచ్చునవి కావు. చంద్రుని కళలను బట్టి కొన్ని వచ్చును. పంటల అదనును బట్టి కొన్ని వచ్చును. ఒక యూరి అమ్మవారికి మంగళవారము ప్రీతియని కొన్ని ఆ వారముననే వచ్చును. ఆశ్వయుజ కార్తికములు రెండును శరదృతువు. ఈ రెండు మాసములలో తెలుగుసీమ నే మూలకు పోయినను ఏదో ఒక యూరు తన పండుగ తాను చేసికొనుచునే యుండును. అది ఏ దినమున, ఏ జామున జరుగునో కనుగొనక పోయినవాడు, పెండ్లివారు వెళ్లిపోయిన పందిరిక్రింద నిలుచుండును. లేదా, సరిగా పెండ్లి ముహూర్తమునకే పోయి, వేయిమంది వీపులు చూచి తిరిగి వచ్చును. నేను వీపులు చూచి తిరిగి వచ్చినవాడను. ఆ కథయే ముందు చెప్పెదను.

మాది రాజమహేంద్రవరము. విజయనగరములో పైడితల్లి అమ్మవారి సిరిమాను సంబరము చూడవలెనని నాకు చిన్ననాటి నుండియు కోరిక. విజయదశమి వెళ్లిన పిమ్మట వచ్చు తొలి మంగళవారమున అది జరుగును. ఒక సంవత్సరము, సరిగా ఆ మంగళవారము ఉదయమునకే విజయనగరము చేరునట్లు రైలెక్కి, భార్యతోను ఇద్దరు పిల్లలతోను బయలుదేరితిని. గది యిచ్చెదమని ముందుగా చెప్పిన వసతిగృహమువారు, మేము పోవుసరికి దానిని వేరొకరి కిచ్చివేసియుండిరి. సామాను చేతబట్టుకొనియే మూడు లాంతర్ల కూడలివైపు నడచితిమి. నడచితిమనుట కూడ సరికాదు. జనమే మమ్ము మోసికొనిపోయెను. మధ్యాహ్నము దాటెను. డప్పులు మ్రోగెను. "అదిగో, అదిగో" అని వేల గొంతులు ఒక్కసారి లేచెను. మా చిన్నవానిని భుజములపై నెక్కించుకొని, "ఏం కనిపిస్తోందిరా?" అని యడిగితిని.

"ఏనుగు చెవి, నాన్నా!" అనెను వాడు.

సిరిమానుకు ముందు తెల్లయేనుగు నడచును. అది ఏనుగువలె అలంకరించిన బండి. వాడికి దాని చెవి యొక్కటియే కనబడినది. సిరిమాను అమ్మవారి గుడి నుండి కోటవైపునకు మూడుసార్లు పోయి మూడుసార్లు తిరిగి వచ్చెను. మాకు కనబడినది ఆ మాను కొసయు, ఆ కొసన ఆకాశమునకు వ్రేలాడునట్లు ఆసనముపై కూర్చున్న పూజారిగారును, ఆయనవైపునకు భక్తులు విసరుచున్న అరటిపండ్లును మాత్రమే. అందులో నొక పండు గురి తప్పి నా భార్య నెత్తిమీద పడెను. అది అమ్మవారి ప్రసాదమని ఆమె కన్నుల కద్దుకొనెను. ఆ రాత్రి స్టేషనులో, ప్లాట్‌ఫారముమీద, పరచుకొన్న దుప్పటిపై, మేము నలుగురమును ఒకరి కాళ్లమీద ఒకరము తలలు పెట్టుకొని పడుకొంటిమి.

తెల్లవారుజామున టీ పోయుచున్న ముసలివానితో నా గోడు చెప్పుకొంటిని. అతడు గ్లాసు నా చేతికిచ్చి, జాలిగా చూచి, "మంగళారం వొచ్చి ఏటి సూస్తారు బావూ? తొలేళ్లకి రావాల. ఆదారమే వొచ్చీయండి" అనెను.

శ్రోతలారా, ఈ ప్రసంగమంతయు ఆ ముసలివాని మాటకు వ్యాఖ్యానమే. తొలేళ్లకు రావలెను. పండుగకు ముందునాటి సంబరమునకు ఆ సీమలో తొలేళ్లని పేరు. పండుగనాడు ఊరు మనది కాదు, అది జనసముద్రము. పండుగకు ముందునాడు ఊరు ఊరువారిది. వారికి మనతో మాటలాడ తీరిక యుండును, మనకు నిలిచి చూచు చోటుండును.

మరుసటి సంవత్సరము ఉగాదినాడే పంచాంగము కొని, విజయదశమి యెప్పుడో చూచి, దాని తరువాతి మంగళవారమునకు గుర్తు పెట్టుకొంటిని. ఈ సంబరము 2024లో అక్టోబరు 15న వచ్చినది, 2025లో అక్టోబరు 7న వచ్చినది. తేదీ మారును, మంగళవారము మారదు. ఈ యొక్క సంగతి గుర్తుంచుకొన్నచో మీ పని సగమైనట్లే: తేదీ మారును, మంగళవారము మారదు. మంగళవారమునకు ముందు సోమవారము తొలేళ్లు. సోమవారమునకు ముందున్న శని ఆదివారములు ఎట్లును మీవే. సోమవారమునకు సెలవుచీటీ యొకటి వ్రాసికొన్నచో ప్రయాణము కుదిరినది.

ఆదివారము ఉదయము మేము విజయనగరములో దిగితిమి. ఆనాడు గది దొరకుట మాత్రమే కాదు, రెండు గదులు చూపి ఏది కావలెనని యడిగిరి. స్నానములు చేసి, ఫలహారము చేసి, హుకుంపేట వైపు పోతిమి. సిరిమానును చెక్కునది అక్కడనే.

ఆ మాను సంగతి కొంచెము నిదానముగా చెప్పవలెను. అది చింతమాను. పండుగకు కొన్ని వారములు ముందుగా అమ్మవారు పూజారికి కలలో కనబడి, ఫలానిచోట నా మాను ఉన్నదని చెప్పునని అచ్చటివారి విశ్వాసము. వెదకి పోయినవారికి ఆ చెట్టు అక్కడ కనబడును. ఎవరి తోటలో నున్నదో ఆ రైతు దానిని అమ్మవారికి సంతోషముతో సమర్పించును. బొట్టు పెట్టి, పసుపు పూసి, పూజ చేసి, ఆ పిమ్మట చెట్టును పడవేసి, ఊరేగింపుతో తెచ్చి, హుకుంపేటలో చెక్కుదురు. సుమారు 50, 60 అడుగుల పొడవుగల ఆ మాను మొదట లావుగాను, పోను పోను సన్నముగాను దిగును. ఆ సన్నని కొసకే పూజారి ఆసనము బిగింతురు. చింతచేవ యెంత గట్టిదో వడ్రంగికి తెలియును. ఆ కొసమీద కూర్చుండు మనుష్యునికి ఇంకను బాగుగా తెలియును.

మేము పోవునప్పటికి ఒక వడ్రంగి బాడిసతో తుది మెరుగులు దిద్దుచుండెను. ఇరుగుపొరుగు స్త్రీలు వచ్చి, మానుకు పసుపు రాసి, బొట్లు పెట్టి పోవుచుండిరి. మా చిన్నవాడు, నిరుడు ఏనుగు చెవి తప్ప మరేమియు చూడనివాడు, మెల్లగా పోయి మానుమీద చేయి వేసెను. నేను వారింపబోతిని. "ఉండనీండి బావూ, అమ్మోరు పిల్లల్ని ఏటీ అనదు" అనెను వడ్రంగి. వాడు ఆ కొస నుండి ఈ కొస వరకు అడుగులు కొలిచెను. మంగళవారమునాడు లక్షలమంది దూరము నుండి చేతులెత్తి మ్రొక్కు ఆ మానును, ఆదివారమునాడు ఎనిమిదేండ్ల పిల్లవాడు అరచేతితో నిమిరి చూచెను. నా పంచాంగపు శ్రమకు అంతకన్న ప్రతిఫలము నేను కోరలేదు.

ఎవరీ పైడితల్లి అని మీలో కొందరు అడుగవచ్చును. బొబ్బిలి యుద్ధము మీరు వినియున్నారు. 1757 జనవరిలో బొబ్బిలి కోట పడినది. ఆ వెనువెంటనే విజయనగరపు రాజు విజయరామరాజు తన డేరాలో తాండ్ర పాపారాయుని చేత హతుడయ్యెను. అది చరిత్ర. ఇక జనశ్రుతి చెప్పునది ఏమనగా, ఆ రాజుకు పైడిమాంబ యను చెల్లెలు కలదు. ఆమె అమ్మవారి యుపాసకురాలు. అన్నకు రానున్న ఆపద ఆమె మనస్సునకు ముందే తోచెను. పతివాడ అప్పలనాయుడను వానితో కలిసి ఆమె బయలుదేరెను గాని, ఆ హెచ్చరిక అన్నకు అందకమునుపే ఆయన మరణవార్త ఆమెను చేరెను. ఆమె ప్రాణము విడిచి, పెద్దచెరువులో నా ప్రతిమ దొరకునని అప్పలనాయునితో చెప్పెను. ఆ ప్రతిమ దొరకినది, గుడి వెలసినది, ఆ అప్పలనాయుని వంశమువారే నేటికిని పూజారులు. ఊరేగింపులో సిరిమానుకు ముందు జాలరివల యొకటి నడచును. చెరువులోని ప్రతిమను వెలికి దీయుటలో బెస్తలు తోడ్పడిరను జ్ఞాపకము ఆ వలలో నిలిచియున్నదని చెప్పుదురు. రాజవంశమువారు నేటికిని కోట బురుజు నుండి సిరిమానును దర్శింతురు. యుద్ధమున గెలిచిన రాజు పేరు పిల్లలు పాఠములలో చదివి మరచిపోవుచున్నారు. ఆయన చెల్లెలిని మాత్రము ఆ మండలమంతయు ఏటేట ఆడపడుచును పిలుచుకొన్నట్లు పిలుచుకొనుచున్నది.

ఆదివారము మధ్యాహ్నము గురజాడ అప్పారావుగారి యిల్లు చూచితిమి. ఆ యరుగుమీద కూర్చున్నచో కన్యాశుల్కములోని మనుష్యులందరును ఇప్పుడే వీధిమలుపు తిరిగి పోయినట్లుండును. అచ్చట నుండి సంగీత కళాశాలకు పోతిమి. ఆదివారము గనుక తలుపులు మూసియుండెను. గేటువద్దనే నిలిచి, 1919లో ఈ కళాశాల పుట్టినప్పుడు ఆదిభట్ల నారాయణదాసుగారు దీనికి తొలి అధ్యక్షులని పిల్లలకు చెప్పితిని. "ఆయన బెత్తం పట్టుకునేవారా?" అని పెద్దది యడిగెను. గజ్జె కట్టి హరికథ చెప్పెడివారని చెప్పితిని. ప్రధానోపాధ్యాయుడు గజ్జె కట్టుట దానికి మిక్కిలి నచ్చినది. సోమవారము ఉదయము రామతీర్థము పోయి వచ్చితిమి. అది పట్టణమునకు సుమారు 12 కిలోమీటర్లు. కొండ, కోనేరు, రామాలయము, ఆవలి కొండమీద బౌద్ధుల నాటి శిథిలములు. పిల్లలకు శిథిలముల కన్న కోతులు ఎక్కువ నచ్చినవి; దాని గూర్చి నేను చెప్పవలసిన దేమియు లేదు.

ఇక తొలేళ్ల రాత్రి. సోమవారము ప్రొద్దు క్రుంకినది మొదలు పల్లెల నుండి జనము దిగుట ఆరంభించెను. బండ్లమీద కొందరు, బస్సులమీద కొందరు, నడచి కొందరు. ఘటములు నెత్తిన బెట్టుకొని హుకుంపేట వైపు నుండి గుడికి వచ్చిరి. డప్పులు, తప్పెటగుళ్లు, పులివేషములు. ఆ జనములో నెక్కువమంది రైతులు. వారు వేడుక చూడవచ్చినవారు కారు, పనిమీద వచ్చినవారు. రాత్రి ప్రొద్దుపోయిన పిమ్మట పూజారిగారు రైతులకు ధాన్యపు గింజలు పంచిపెట్టుదురు. ఆ గింజలు తీసికొనిపోయి తమ విత్తనములలో కలిపి చల్లుకొన్నచో చేను బాగుగా పండునని వారి నమ్మకము. సిరిమాను కన్నులకు పండుగ. తొలేళ్లు పొలమునకు పండుగ. మరల చెప్పుచున్నాను, సిరిమాను కన్నులకు పండుగ, తొలేళ్లు పొలమునకు పండుగ. బయటి ఊరివారిలో మొదటిది ఎరుగని వారు అరుదు, రెండవది ఎరిగినవారు అరుదు.

నా ప్రక్కన ఒక వృద్ధుడు నిలిచియుండెను. తువాలు కొసను గింజలు ముడివేసికొనుచు నన్ను చూచి, "తమరికి బూమెంత బావూ?" అని యడిగెను.

"సెంటు కూడా లేదండి."

"మరేటికి వొచ్చినారు?"

ఏమి చెప్పుటకును నాకు తోచలేదు. చూచుటకు వచ్చితినన్న మాట అప్పుడెందుకో నోట రాలేదు. అతడు ముడి విప్పి, నాలుగు గింజలు నా అరచేతిలో పెట్టి, "ఉంచండి. బూమున్నోడెవుడైనా ఉంటే ఇద్దురు గాని" అని వెడలిపోయెను. ఆ గింజలను నా భార్య చీరకొంగున ముడివేసెను.

మంగళవారము ఉదయము మేము తిరుగు రైలెక్కితిమి. ఔను, సిరిమాను చూడకయే. వచ్చు రైళ్లన్నియు జనముతో పగులుచుండెను. పోవు రైలులో మేము కాళ్లు చాపుకొని కూర్చుంటిమి. పెండ్లికి పోయి తాళి కట్టకముందే తిరిగి వచ్చినట్లున్నదని నా భార్య అన్నది. ఈ విషయమున ఆమె నాతో ఇప్పటికిని ఏకీభవించలేదు. మీలో ఆమె పక్షము వహించువారు మంగళవారము కూడ ఉండుడు; కాని ఆదివారమే పోయి ఉండుడు, నిలుచుటకు చోటు ముందుగానే చూచుకొనుడు, పసిపిల్లలను మాత్రము గదిలోనే ఉంచుడు.

ఈ ముందునాటి సూత్రము విజయనగరమునకు మాత్రమే చెల్లునది కాదు. ఓరుగంటి ప్రాంతమున ఒక మిత్రుని యింటికి బతుకమ్మ పండుగకు పోయినప్పుడు కూడ నాకిదే స్థిరపడినది. బతుకమ్మ తొమ్మిది దినముల పండుగ. మహాలయ అమావాస్యనాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై, దుర్గాష్టమినాడు సద్దుల బతుకమ్మతో ముగియును. సద్దులనాటి సాయంకాలము చెరువుగట్టున వందలాది బతుకమ్మలు, వాని చుట్టు పట్టుచీరలు, చప్పట్లు, పాటలు, ఆ పిమ్మట నీటిపై తేలిపోవుచున్న పూలగోపురములు. ఇది చూడవలసినదే. కాని నేను మరువలేకపోవుచున్నది దానికి ముందునాటి పగలు. ఆనాడు మగవారు, పిల్లలు సంచులు పట్టుకొని పొలముగట్లమీదికి పోవుదురు. తంగేడు, గునుగు, కట్లపూలు. ఎవరును నాటనివి, ఎవరును నీరు పోయనివి, వానలు తమంత తాము పూయించిపోయినవి. వానిని సంచులనిండ కోసికొని వత్తురు. ఆ రాత్రి ఇల్లంతయు పూలరాశి. తెల్లని గునుగుపూల కాడలు సమముగా కత్తిరించి, కట్టలు కట్టి, కొన్నింటిని ఎర్రగా, కొన్నింటిని నీలముగా రంగులలో ముంచి ఆరబెట్టుదురు. మిత్రుని తల్లిగారు, డెబ్బది యేండ్ల పెద్దావిడ, తాంబాళములో గుమ్మడాకు పరచి, వరుసకు వరుస ఎట్లు ఎత్తవలెనో కోడలికి చూపుచు, నావైపు తిరిగి, "పువ్వు తెంపంగ సూడాలె బిడ్డా. పేర్చినంక అందరు సూస్తరు" అనెను.

ఆ టీ ముసలివాడును ఈ పెద్దావిడయు ఒకరినొకరు ఎరుగరు. కాని ఇద్దరును నాకు చెప్పినది ఒక్కటియే.

బతుకమ్మకు పోదలచినవారికి రెండు జాగ్రత్తలు. ఒకటి: ఆరవనాడు పోవలదు. ఆనాడు అలిగిన బతుకమ్మ. అమ్మవారు అలిగినదని ఆ దినమున పూలు పేర్చరు, ఆట ఆడరు. శనివారము సెలవు గదా యని పోయి, అలిగిన బతుకమ్మనాడు దిగినచో, ఖాళీ వాకిళ్లు చూచి మీరే అలుగవలసివచ్చును. రెండు: ఏ యూరికి పోవుచున్నారో ఆ యూరి ఆచారము అడిగి తెలిసికొనుడు. అన్ని చోట్ల తొమ్మిదవనాడు సద్దులని అనుకొనవలదు; వేములవాడలో ఏడవనాడే సద్దులు జరుపుకొందురు. ఇక హనుమకొండలో పగలు తీరిక యున్నచో, 1163లో రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభముల గుడి ఉన్నది. ఎంగిలిపూల నాటి సాయంకాలము ఆ గుడి ప్రాంగణమే ఒక పూదోట యగును. బండి కట్టించుకొనగలిగినవారు రామప్ప గుడికిని పోయిరావచ్చును.

బెజవాడ సంగతి చెప్పలేదేమని కొందరికి తోచవచ్చును. ఇంద్రకీలాద్రికి నవరాత్రులలో భక్తితో పోవువారికి నా సలహా అక్కరలేదు. విహారముగా పోవువారు మూలా నక్షత్రమునాడు మాత్రము పోకుందురుగాక. ఆనాడు అమ్మవారు సరస్వతీ అలంకారమున నుండును. క్యూలు కొండదిగి ఊరిలోనికి సాగును. ఇక కర్నూలు సీమలో దేవరగట్టున విజయదశమి రాత్రి జరుగు కర్రల సమరమును చూచివత్తునని ఒక యువకుడు నాతో అనెను. వలదంటిని. అది ఆ గ్రామములవారు తమ మాళమల్లేశ్వరస్వామికి చేయు సేవ. తలలు పగులు చోట విహారము తగదని నా అభిప్రాయము.

సెలవు ఏ విధముగను దొరకనివారి కొరకు కార్తికము ఉన్నది. కార్తికమాసము మనయెడల కొంత దయగలది. నెల పొడవునను పండుగయే గనుక, ఏ శని ఆదివారములైనను పనికివచ్చును. పంచారామములకు ఆ నెలలో బస్సులవారు ప్రత్యేకముగా బండ్లు నడుపుదురు. అయిదింటిని ఒక్క దినముననే చూపించి తెచ్చెదమందురు. నేను ఆ బస్సు ఎక్కను. అయిదు గుళ్ల నొక్కనాడు చూచినవానికి చెప్పులు విడిచిన చోటులు తప్ప మరేమియు గుర్తుండవు. భీమవరములో సోమారామ మొక్కటి చూడుడు. అచ్చటి లింగము పున్నమికి తెల్లగాను, అమావాస్యకు నల్లగాను కనబడునని ప్రసిద్ధి. అది తెలియవలెనన్నచో ఒకసారి పోయిన చాలదు; పదునైదు దినముల ఎడముతో రెండుసార్లు పోవలెను. ఇక్కడ కూడ తిథియే ముందు. సోమవారము రద్దీ గనుక శనివారము సాయంకాలమునకే చేరుకొనుడు. మరునాడు పల్లెటూరి తోటలో, ఉసిరిచెట్టు క్రింద, అరటియాకులో వనభోజనము చేసి ఇంటికి మరలుడు.

ఒక మాట మరచితిని. శరత్కాలము వెన్నెలలకు ఎంత పేరుపడినదో మన తూర్పుతీరమున తుపానులకును అంత పేరుపడినది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్టణమును ఏమి చేసినదో మీరు మరచియుండరు. కావున బయలుదేరుటకు ముందు రెండు దినములు, ఇదే రేడియోలో, వాతావరణ వార్తలు వినుడు. వాయుగుండమన్న మాట వినబడినచో టిక్కెట్టు పోయినను ఆగిపొండు. పండుగ వచ్చే యేడును వచ్చును. మరియొక చిన్న మనవి: ఫోటోలు తీయునప్పుడు, ముఖ్యముగా స్త్రీలు ఆడుచున్న చోట, అడిగి తీయుడు. వారు తమ వాకిట నున్నారు; మనము పరాయివారము.

ఆ నాలుగు గింజల సంగతి చెప్పి ముగించెదను. మా యింటికి పాలు పోయు రైతుకు ధవళేశ్వరము దగ్గర ఎకరమున్నర పొలము కలదు. విజయనగరము నుండి వచ్చిన మరునాడు నా భార్య కొంగుముడి విప్పి ఆ గింజలను అతని చేతిలో పెట్టినది. అతడు చెప్పులు విడిచి రెండు చేతులను పట్టి తీసికొనెను. దాళ్వా నారుమడిలో చల్లినానని తరువాత చెప్పెను. ఆ యేడు అతని పంట అందరి పంటవంటిదే. ఎక్కువయు కాదు, తక్కువయు కాదు. అయినను మరుసటి యేడు అడిగెను, ఆ పై యేడును అడిగెను. మొన్న ఉదయము పాలు కొలిచి పోయుచు, "తొలేళ్లు ఈ యేడు ఎప్పుడండి?" అనెను. పంచాంగము చూచి చెప్పెదనంటిని.

నిన్న రాత్రి చూచితిని. రేపు అతడు వచ్చినప్పుడు చెప్పవలెను. సోమవారమునకు సెలవుచీటీ కూడ వ్రాసికొనవలెను.